పెదవి చివర కార్నెట్

గొంతు పోయాక నేను ఒకచోట కుదురుగా కూర్చోవడం మరిచిపోయాను.

పోవడమంటే పూర్తిగా పోలేదు. మెడలో థైరాయిడ్ గడ్డ ఒకటి పెరిగితే తీసేశారు. కేన్సర్ కాదు, మామూలు గడ్డే. దానికి ఆనుకుని సన్నటి నరం ఒకటి వెళ్తుందని, దానికి దెబ్బ తగిలే అవకాశం కొద్దిగా ఉందని సర్జన్ ముందే చెప్పారు. ఫారం మీద సంతకం పెడుతూ ఆ 'కొద్దిగా' నా దాకా రాదనుకున్నాను. వచ్చింది. మత్తు దిగాక మంచినీళ్ళు అడగబోతే నోట్లోంచి ఉత్త గాలి వచ్చింది. కొన్ని నెలలకు మాట తిరిగొచ్చింది గాని, బొంగురుగా, అంచులు పీలికలైన గుడ్డలా వచ్చింది. ఎడమ స్వరతంత్రి కదలడం లేదనీ, ఏడాది ఆగి చూద్దామనీ అన్నారు. మాట్లాడటానికి ఎలాగో పనికొచ్చే గొంతు అది. పాటకు కాదు.

నేను అమెరికాలో, రెడ్‌మండ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ చేస్తాను. మీటింగ్‌లో నేను నోరు తెరవగానే ఎవరో ఒకరు "నీ మైక్‌లో ఏదో ప్రాబ్లమ్ ఉంది" అనేవారు. మొదట్లో నవ్వి చెప్పేదాన్ని. తర్వాత మాట్లాడటం మానేసి చాట్‌లో టైప్ చేసేదాన్ని. అది టైప్ చేస్తూ కూడా లేచి నిలబడేదాన్ని. కుర్చీ గుచ్చుకుంటున్నట్టు ఉండేది.

అసలు బాధ ఆఫీసులో కాదు, చర్చిలో. మా తెలుగు సంఘానికి సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ ఆరాధన మధ్యాహ్నానికి అయిపోతుంది, మూడు గంటలకు వాళ్ళ హాలు మాకిస్తారు. అక్కడ పదకొండేళ్ళు పాటలు నేనే నడిపించాను. మైక్ ముందు నిలబడి పల్లవి ఎత్తుకుంటే వెనక అరవై డెబ్బై మంది అందుకునేవారు. కొందరు కళ్ళు మూసుకునేవారు. వాళ్ళు కళ్ళు మూసుకోవడం నేను కళ్ళు తెరిచి చూసేదాన్ని. ఆ సంగతి అప్పుడు నాకే తెలియదు, తర్వాత తెలిసింది.

ఆపరేషన్ తర్వాత నా బదులు విజయవాడ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన అమ్మాయి పాడటం మొదలుపెట్టింది. గొంతు పల్చన, శ్రుతి మాత్రం తప్పదు. నా పాటల ఫైలు నేనే ఇచ్చాను, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మరీ. మొదటి ఆదివారం ఆ అమ్మాయి మొదటి పాట మొదటి లైను పాడిందో లేదో, నా మెడలో కండరాలు వాటంతటవే బిగుసుకుని కదిలాయి. లోపల ఏదో పాడబోతోంది, రావడం లేదు. మా ఆయన చెవిలో "బాత్రూమ్‌కి వెళ్ళొస్తా" అని చెప్పి బయటికి వచ్చేశాను.

అలా ప్రతి ఆదివారం. వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని. నోటీసుబోర్డు మీద ఉన్నవన్నీ చదివేశాను. ఎవరి పిల్లల కోసం బేబీ సిట్టర్ కావాలో, ఎవరి పిల్లి తప్పిపోయిందో నాకు కంఠతా వచ్చేసింది. లోపల ప్రార్థన విన్నపాల్లో వారం వారం నా గొంతు గురించి ప్రార్థించేవారు. అది కూడా నేను వసారాలో నడుస్తూనే వినేదాన్ని.

నవంబరులో ఒక ఆదివారం అలాగే నడుస్తుంటే కింద బేస్‌మెంట్ నుంచి పాట వినిపించింది. మాటలు లేవు, ఉత్త రాగమే. నలభై దాటిన ఆడమనిషి గొంతు, నిండుగా, ఎక్కడా ఒత్తిడి లేకుండా పైకెళ్ళి దిగి వస్తోంది. నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. పైన ఒకతి పాడుతుంటే పారిపోయి వచ్చాను, ఇప్పుడు కింద ఇంకొకతా! ఎవరో చూద్దామని మెట్లు దిగాను.

అక్కడ పాడుతున్నవాళ్ళు ఎవరూ లేరు. మడత కుర్చీల మధ్య ఒక పెద్దాయన చిన్న కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన డెబ్బై దాటిన సన్నటి అమెరికన్ ఆవిడ, తడిసిన రెయిన్‌జాకెట్ తీయకుండానే, పెదవుల కుడి చివర ఒక నల్లటి వంకర కర్ర ఆనించి నిలబడి ఉంది. ఆ గొంతు ఆ కర్రలోంచి వస్తోంది.

నన్ను చూసి ఆవిడ ఆపేసింది. "సారీ, పైకి వినిపిస్తోందా? మీ ఆరాధనకు అడ్డమా?" అని అడిగింది. ఫిర్యాదు చేయడానికి వచ్చాననుకుంది.

"పాడింది ఎవరు?" అన్నాను నేను, నా చిరిగిన గొంతుతో.

ఆవిడ ఆ కర్ర పైకెత్తి చూపించింది.

కార్నెట్ అంది. ఇంటికొచ్చి వెతికితే పెళ్ళి బ్యాండుల్లో ఉండే ఇత్తడి బాకా కనిపించింది, అది కాదు ఇది. ఇటాలియన్‌లో కార్నెట్టో అంటారు, చిన్న కొమ్ము అని అర్థం. నాలుగైదు వందల ఏళ్ళ కిందట యూరప్‌లో చర్చిల్లో పాడేవాళ్ళ పక్కన దీన్ని వాయించేవారట. ఆవిడ నా చేతికిస్తే తిప్పి చూశాను. రెండడుగులు కూడా లేదు. చెక్కను రెండు బద్దలుగా చీల్చి, లోపల తొలిచి, మళ్ళీ అతికించి, పైన నల్ల తోలు చుట్టారు. పిల్లనగ్రోవికి ఉన్నట్టు ముందు ఆరు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. ఊదే పద్ధతి మాత్రం బాకాది, పెదవులు బిగించి అదిరించాలి. చివర పెట్టుకునే గిన్నె చిటికెనవేలి గోరంత ఉంది.

"నీ గొంతుకు ఏమైంది?" అని ఆవిడ సూటిగా అడిగింది. మా సంఘంలో ఎవరూ అలా అడగలేదు. "తగ్గిపోతుంది సిస్టర్" అనేవారు, అంతే. చెప్పాను. ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక డెంటిస్ట్ దగ్గర పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం చేసి రిటైరైంది. "ఇన్నాళ్ళూ జనం నోళ్ళే చూశాను, ఏదీ నోరు తెరువు" అని, నా పళ్ళూ పెదవులూ పరీక్షగా చూసింది. "ముందు పళ్ళు వరసగా ఉన్నాయి. పెదవులు సన్నం. సరిపోతావు."

"నా స్వరతంత్రి ఒకటి పని చేయడం లేదు కదా?"

"దీనికి అవి అక్కర్లేదు. నీ పెదవులే స్వరతంత్రులు. అయినా మీ డాక్టర్‌ని అడిగి రా."

డాక్టర్ ముందు నవ్వారు, తర్వాత సరేనన్నారు. మరుసటి ఆదివారం ఆవిడ తన దగ్గరున్న ప్లాస్టిక్‌లాంటి రెజిన్ కార్నెట్ ఒకటి నాకు అరువిచ్చి, నా గురువైంది.

మూడు వారాలు ఉత్త గాలే. నాలుగో వారం ఏదో అరుపు పుట్టింది. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, ఇక్కడే పుట్టింది. గదిలోంచి తల బయటపెట్టి, "అమ్మా, అది మేక లాగా ఉంది. లైక్, సిక్ మేక" అంది. ఇంకో వారానికి కింది ఫ్లాట్ వాళ్ళు మా తలుపుకు చీటీ అంటించారు. మర్యాదగానే రాశారు, ఇంట్లో ఏ జంతువుకైనా ఒంట్లో బాగోలేదా అని.

అప్పటి నుంచి కార్లో ప్రాక్టీస్. ఆఫీసు నుంచి వస్తూ ఇండియన్ గ్రోసరీ వెనక పార్కింగ్‌లో ఒక మూల కారు ఆపి, సీటు వెనక్కి జరిపి, అద్దాలన్నీ ఎత్తి ఊదేదాన్ని. నా ఊపిరికి లోపల అద్దాలు మసకబారేవి. పెదవుల మధ్యలో పెట్టి ఎంత ఊదినా స్వరం నిలబడేది కాదు. ఎడమచేతి ఉంగరపువేలు రంధ్రం దాకా సాగేది కాదు, సాగదీస్తే మణికట్టు పట్టేసేది. ఐదు నిమిషాలు ఊదడం, దిగి కారు చుట్టూ నడవడం, మళ్ళీ ఎక్కడం. ఎందుకు చేస్తున్నానో నన్ను నేను అడగలేదు. అడిగితే ఆగిపోతానని భయం.

ఒక సాయంత్రం సెక్యూరిటీ ఆయన అద్దం మీద తట్టాడు. అద్దం దించాను. ఆయన నా ముఖం, మసకబారిన అద్దాలు, నా చేతిలో నల్ల గొట్టం మార్చి మార్చి చూశాడు.

"మేడమ్, ఇక్కడ స్మోక్ చేయకూడదు."

"స్మోకింగ్ కాదు. ఇది సంగీత వాయిద్యం."

ఆయన నమ్మలేదు. చేసేది లేక పెదవులకు ఆనించి ఊదాను. కంగారులో మధ్యలో పెట్టబోయి కుడి చివర పెట్టేశాను, మా గురువుగారు పెట్టినట్టు. స్వరం పలికింది. ఒక్కటే స్వరం, కాస్త వణికింది గాని నిలబడింది. పై పెదవి కింద పళ్ళ దాకా ఆ అదురు పాకింది. పాడేటప్పుడు దవడ ఎముకల్లో అలాగే ఉండేది. ఏడాదిగా నా తలలో ఎక్కడా అలాంటి అదురు లేదు.

"సరే. నేర్చుకుంటున్నారన్నమాట" అని ఆయన వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ మళ్ళీ అదే స్వరం ఊదాను. స్విమ్మింగ్ క్లాస్ దగ్గర మా అమ్మాయి తడిజుట్టుతో ఇరవై నిమిషాలు ఎదురు చూసిందని అక్కడికి వెళ్ళాకగాని తెలియలేదు.

"సారీ అమ్మడూ."

"నువ్వు ఎందుకు స్మైల్ చేస్తున్నావ్?" అంది అది కోపంగా.

ఆ తర్వాత నా కాలు నిలవలేదు. నేర్చుకోవడం మొదలుపెట్టిన నాలుగు నెలలకు చిన్న చిన్న రాగాలు వచ్చేశాయి. ఆదివారం ఆరాధన అయ్యాక కిందికి దిగి, అక్కడ పాతకాలపు పాటలు పాడుకునే ఆవిడ బృందం మధ్య అరగంట నేర్చుకునేదాన్ని. ఆవిడ ఎప్పుడూ ఒకటే మాట, "మెల్లగా, ముందు ఒక స్వరం పట్టుకుని నిలబెట్టు." నాకు మెల్లగా అనే మాట వింటేనే చిరాకు. నా మనసులో అప్పటికే వేరే ఆలోచన ఉంది. మా సంఘంలో అందరికీ ఇష్టమైన పాత కీర్తన ఒకటుంది, ఏళ్ళ తరబడి నేను పాడింది. దాని వరస కార్నెట్ మీద సాధన చేశాను. మా గురువుగారికి చెప్పలేదు.

పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన పొంగిపోయారు. "ప్రభువును స్తుతించడానికి ఏ వాయిద్యమైతే ఏంటమ్మా! వచ్చే వారమే వాయించు. సంఘమంతా నీకోసం ఎంత ప్రార్థన చేసిందో తెలుసుగా" అన్నారు.

మా కీబోర్డు వాయించే తమ్ముడిది వరంగల్. ముందు రోజు ఫోన్ చేశాడు. "అక్కా, ఒక్కసారి కలిసి ప్రాక్టీస్ చేద్దామా? నేనెన్నడూ ఆ వాయిద్యం చూడలే."

"ఎందుకురా, ఆ పాట నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. నువ్వు మామూలుగా వాయించెయ్" అన్నాను.

ఆదివారం తెల్లచీర కట్టుకుని స్టేజీ ఎక్కాను. ఏడాదికి పైగా అయింది ఆ చోట నిలబడి. మైక్ పక్కన ఆ అమ్మాయి కాస్త జరిగి నాకు చోటిచ్చింది. కీబోర్డు మొదలైంది, అమ్మాయి పల్లవి ఎత్తుకుంది, రెండో లైనులో నేను కలిశాను.

కలిశానని నేననుకున్నాను. నా మొదటి స్వరానికే ముందు వరసలో ఒక ఆంటీ ఉలిక్కిపడింది. నా రాగం, పాట రాగం ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. వేళ్ళు తప్పు పెట్టానేమోనని చూసుకున్నాను, సరిగ్గానే ఉన్నాయి. ఊపిరి చాలలేదేమోనని ఇంకా గట్టిగా ఊదాను. ఇంకా ఘోరమైంది. అటు తమ్ముడు తన కీబోర్డులో ఏదో బటన్ పొరపాటున నొక్కానేమో అనుకుని, ఇంకో బటన్ నొక్కి శ్రుతి సగం మెట్టు పెంచాడు. పాపం ఆ అమ్మాయి గాల్లోకి ఎగిరినట్టు గొంతు పైకి లాక్కుంది. సరిగ్గా అదే క్షణంలో నేను భయపడి పెదవులు వదులు చేసి స్వరాన్ని కిందికి దించాను. మళ్ళీ కలవలేదు. మగవాళ్ళు పాడటం ఆపేశారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. మా అమ్మాయి తల వంచి మోకాళ్ళ మీద పెట్టుకుంది.

నేను కార్నెట్ దించేశాను. అయ్యగారు చప్పట్లు కొడుతూ తనే పాట అందుకుని చివరి దాకా నడిపించారు. నేను స్టేజీ మీదే నిలబడి ఉన్నాను, ఎటు చూడాలో తెలియక కార్పెట్ చూస్తూ.

తర్వాత తమ్ముడు దగ్గరికొచ్చాడు. "అక్కా, మీ వాయిద్యం శ్రుతి సగం మెట్టు మీదికున్నది. మా కీబోర్డుకు అది కలవది. నిన్న ఒక్కసారి కలిసి వాయించి ఉంటే తెలుస్తుండె." వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఇంటికి వెళ్తూ మా ఆయన డ్రైవ్ చేస్తున్నారు. వానకి వైపర్లు కొట్టుకుంటున్నాయి.

"సిగ్గుగా ఉందా మీకు?" అన్నాను.

"సిగ్గేంటి? తప్పులు ఎవరైనా వాయిస్తారు." వైపర్ల వేగం తగ్గించి, "నువ్వు ఏడాదిగా ఎక్కడా ఆగలేదు. అన్నం తింటూ లేస్తావు. సినిమా చూస్తూ లేస్తావు. నేను ఏదైనా చెప్తుంటే తాళాలు వెతుకుతావు. ఎక్కడికి పరిగెడుతున్నావో చెప్తే నేనూ వస్తాను కదా" అన్నారు.

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత నోట్లోంచి మాట వచ్చేసింది. "దేవుడి కోసం ఎక్కలేదండీ నేను. వాళ్ళందరూ మళ్ళీ నా వైపు చూడాలని ఎక్కాను."

ఆయన ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుని కుడిచెయ్యి నా చేతి మీద వేశారు, సిగ్నల్ పచ్చగా మారే దాకా.

మరుసటి ఆదివారం కింద మా గురువుగారికి చెప్తే ఆవిడ దగ్గొచ్చే దాకా నవ్వింది. "తప్పు నాది. నీకు చెప్పనేలేదు. ఈ కార్నెట్లు పాతకాలపు శ్రుతికి చేస్తారు, ఇప్పటి శ్రుతికన్నా సగం మెట్టు ఎక్కువ. మేమందరం అదే శ్రుతిలో ఉంటాం కాబట్టి నీకు తేడా తెలియలేదు." నవ్వు ఆగాక కుర్చీలో కూర్చుంది. "అయినా నువ్వు ముందుకెళ్ళి నిలబడ్డావు. ఇది ఎక్కువసార్లు పాడేవాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ వరసే వాయించే వాయిద్యం. వినేవాళ్ళకు గొంతు ఎక్కడ ఆగిందో, ఇది ఎక్కడ మొదలైందో తెలియకూడదు. తెలిస్తే మనం సరిగ్గా వాయించనట్టు."

నాకు ఆ మాట నచ్చలేదు. పదకొండేళ్ళు ముందు నిలబడ్డదాన్ని. ఎవరికీ తెలియకుండా వాయించడానికా ఆ పార్కింగ్ లాటుల్లో చలికి వణికింది? రెండు వారాలు కిందికి వెళ్ళలేదు. మూడో వారం కార్నెట్ తిరిగిచ్చేద్దామని టవల్‌లో చుట్టి పట్టుకెళ్ళాను.

"ఇచ్చేద్దువుగాని. వెళ్ళే ముందు ఒక్క పేజీ నాతో వాయించు, ఈ రోజు మనుషులు తక్కువున్నారు" అంది ఆవిడ. ఒక్క పేజీ అన్నది నాలుగు పేజీలైంది. టవల్ మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాను, కార్నెట్ అందులోనే ఉంది.

వసంతంలో వాళ్ళ బృందం చిన్న కచేరీ పెట్టుకుంది. ఎనిమిది మంది గాయకులు, అందరూ సరదాకి పాడేవాళ్ళే. అందులో పై వరస పాడే ఆవిడకు డెబ్బై ఎనిమిది. స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. గొంతు ఇంకా బాగుంది, ఊపిరే చాలదు. ఆవిడ పక్కన ఆవిడ వరసే వాయించే పని నాకిచ్చారు. మొదటి రిహార్సల్‌లోనే ఆవిడ నా దగ్గరికొచ్చి, "మూడో పాట చివర ఒక పొడుగు స్వరం ఉంది చూడు, అక్కడ నేను పడిపోతాను. నువ్వుంటావుగా?" అంది.

ఉండటం అంత తేలిక కాదు. నేను ఊదితే ఆవిడ గొంతు మునిగిపోయేది. మా గురువుగారు నా వైపు చూసి ఒక వేలు కిందికి దించేది, తగ్గించమని. తగ్గిస్తే స్వరం పగిలేది. మళ్ళీ వేలు. నాకు లేచి వెళ్ళిపోవాలనిపించేది, కాని పాడే ఆవిడ ఊపిరి తీసుకునే చోట నేను తీసుకోకూడదు, నేను తీసుకునే చోట ఆవిడ తీసుకోకూడదు. అందుకని ఆవిడ భుజాలు చూస్తూ, ఎప్పుడు లేస్తాయో కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది. ఇంకొక మనిషి ఊపిరిని అంతసేపు నేనెప్పుడూ గమనించలేదు. నా ముందు నిలబడి పాడిన అరవై డెబ్బై మందిలో ఒక్కరిది కూడా.

కచేరీ రోజు మధ్యాహ్నం నలభై మంది వచ్చారు, గొడుగులు తలుపు దగ్గర కుప్పగా పడేసి. మూడో పాట చివరికి వచ్చాం. ఆవిడ ఆ పొడుగు స్వరం అందుకుంది, నేను దాని కింద చేరాను. తాళంలో రెండు మాత్రలు బాగానే నిలిచింది. మూడో మాత్రలో గొంతు సన్నంగా వణికి జారిపోయింది. నేను గట్టిగా ఊదలేదు, అలాగే పట్టుకున్నాను. ఆ కాసేపు ఆ వరసలో నేనొక్కదాన్నే ఉన్నాను. నాకు బాగా తెలిసిన బరువు అది, దవడలో, ముక్కు ఎముక వెనక. తర్వాత ఆవిడ భుజాలు లేచాయి, ఊపిరి తీసుకుని మళ్ళీ నాలోకి వచ్చి కలిసింది. ఇద్దరం కలిసి ముగించాం. హాల్లో ఒక్కరు కూడా కదల్లేదు.

అయిపోయాక కుకీలు, కాఫీ పెట్టారు. ఒక పొడుగాటి ఆవిడ వచ్చి నా పక్కనున్న ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఈ వయసులో అంతసేపు ఊపిరి ఎలా బిగపట్టారండీ!" అంది. ఈవిడ సీరియస్‌గా "రోజూ ప్రాక్టీస్" అని, వెనకనుంచి నా మోచెయ్యి గట్టిగా నొక్కింది.

అబద్ధం ఎందుకు, నాకు ఒళ్ళు మండింది. అది నేనేనని చెప్పాలనిపించింది. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళి, వానలో పార్కింగ్ లాటు చుట్టూ రెండుసార్లు నడిచాను. మా ఆయన గొడుగు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చారు.

"బాగుంది. కాని ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు" అన్నారు భయం భయంగా. "మూడో పాటలో నువ్వు వాయించలేదా? నోటి దగ్గర పెట్టుకుని నిలబడ్డావు గాని, నాకు ఆ ముసలావిడ గొంతే వినిపించింది."

నేను నవ్వడం మొదలుపెట్టాను. నా నవ్వు అప్పటికి గీరుకుపోయిన చప్పుడులా ఉండేది. ఆయనకు ఎందుకు నవ్వుతున్నానో అర్థం కాక, గొడుగు నా మీదికి వంచి, తను తడుస్తూ నిలబడ్డారు.

వేసవిలో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఏడాది ఎప్పుడో దాటిపోయింది. నరం ఇక తిరిగి రాదన్నారు. కదలని తంత్రి పక్కన ఇంజెక్షన్ ఇచ్చి కాస్త లావు చేస్తే మాట నిండుగా వస్తుందన్నారు. చేయించుకున్నాను. ఇప్పుడు మీటింగుల్లో ఎవరూ నా మైక్ గురించి అడగరు. మా అమ్మాయిని పేరు పెట్టి కేకేస్తే రెండో గదిలోకి వినిపిస్తుంది. పాట రాలేదు. ఒకసారి వంటింట్లో ఎవరూ లేనప్పుడు ప్రయత్నించాను. రెండు స్వరాల తర్వాత మూడోది దొరకలేదు. స్టవ్ కట్టేసి కాసేపు నిలబడి, మళ్ళీ వెలిగించుకున్నాను.

కింద బృందం రిహార్సల్ టైమూ, పైన మా ఆరాధన టైమూ ఒకటే కాబట్టి ఒక వారం పైన, ఒక వారం కింద ఉంటున్నాను. అయ్యగారికి ఇది అంత నచ్చలేదు, చెప్పారు కూడా. పాడే అమ్మాయి మాత్రం ఒకరోజు నన్ను ఆపి, "ఆంటీ, మీ ఫైలులో పెన్సిల్ గుర్తులు చెరిగిపోయాయి, మళ్ళీ పెట్టిస్తారా?" అని అడిగింది. ఇద్దరం ఖాళీ హాల్లో కూర్చుని పెట్టుకున్నాం. నేను పాతవి కొన్ని మార్చాను. పాత గుర్తులు నా ఊపిరికి పెట్టుకున్నవి.

అరువు కార్నెట్ ఎన్నాళ్ళుంచుకుంటానని, కిందటి నెల చెక్కదే ఒకటి నాకోసం చేయించుకుందామని నిర్ణయించుకున్నాను. వేరే రాష్ట్రంలో ఒకాయన ఒంటరిగా చేస్తాడు. పని ఎక్కువ, మనుషులు లేరు, ఏడాదిన్నర ఆగాలన్నాడు. రంధ్రాలు నా వేళ్ళకు అందేలా తొలవాలి కాబట్టి, రెండు చేతులూ కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పోస్టులో పంపమన్నాడు.

భోజనాల బల్ల మీద కాగితం పరిచి ఎడమచెయ్యి పెట్టాను. మా అమ్మాయి పెన్సిల్ పట్టుకుంది.

"అమ్మా, వేళ్ళు చాపు. ఇంకా. కదలకు."

"కదలట్లేదే."

"కదులుతున్నావ్. చూడు, లైన్ ఎలా వచ్చిందో."

చూస్తే నిజమే, ఉంగరపువేలు దగ్గర గీత రెండుగా ఉంది. ఆ కాగితం పక్కన పడేసింది. రెండోది కూడా పాడైంది. మూడో కాగితం పరిచి, ఈసారి తన ఎడమచేత్తో నా మణికట్టును బల్లకేసి గట్టిగా నొక్కి పట్టుకుంది. దానికి అంత బలం ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. నాలుక బయటపెట్టి, బొటనవేలి నుంచి మొదలుపెట్టి, మెల్లగా ఒక్కో వేలు చుట్టూ పెన్సిల్ తిప్పింది. పెన్సిల్ మొన వేళ్ళ సందుల్లో చక్కిలిగిలి పెట్టింది. నేను ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను.

"ఓకే, డన్. రెండో చెయ్యి" అంది.